కొత్త కాని చిక్కుడుకాయలు

ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు పెరట్లో మొదటి చిక్కుడుకాయ కోశాను. ఎనిమిదికల్లా ఊరంతటికీ కానివాణ్ణయ్యాను. రెండు గంటల్లో అంత చెడ్డపేరు తెచ్చుకోవడం మాటలు కాదు. దానికి కొంత చదువుండాలి. నాకుంది.

అరకు దగ్గర ఒక కొండ ఊళ్ళో పశువుల ఆస్పత్రి కాంపౌండర్‌గా ఉన్న రోజులు. తొంభైల చివర్లో, ఉల్లిపాయల ధర మండిపోయిన ఏడాది. సంతలో జనం ఉల్లిపాయల గుట్టను దేవుణ్ణి చూసినట్టు దూరం నుంచి చూసి వచ్చేసేవారు. మా ఆవిడ సుభద్రకు నెలలు నిండుతున్నాయి. ఆలూ ఉంది, చూలూ ఉంది, కూరే లేదు.

"ఇకమీదట ఈ ఇంట్లో ఏదీ కొనం. అన్నీ మనమే పండిద్దాం" అని ప్రకటించాను.

"ఉప్పు ఏ మడిలో వేస్తారు?" అంది సుభద్ర.

పెరటి తోటల మీద ఒక పుస్తకం తెచ్చి రెండుసార్లు చదివాను. టమాటా వేస్తే మంచుకు కుళ్ళింది. క్యాబేజీ వేస్తే, నా చేత మందు తాగి బతికిన మేకే వచ్చి మేసింది. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. నాది వంటకూ పనికిరాలేదు. ఐదు కోళ్ళు పెంచితే నాలుగు పోయాయి, అదీ కాంపౌండర్ ఇంట్లో! చివరికి పక్కింటి బుద్రమ్మ జాలిపడి, పొయ్యి మీద పొగలో దాచిన చిక్కుడు గింజలు గుప్పెడు ఇచ్చింది. అవి ఏ పుస్తకమూ చదవకుండా ఇంటి పెంకుల దాకా పాకాయి.

ఆ వీధిలో పురుళ్ళన్నీ బుద్రమ్మ చేతి మీదే. పెద్దాసుపత్రికి బస్సు రోజుకొకటి, అదీ దానికి కొండ దిగాలనిపిస్తే. సుభద్ర ధైర్యమంతా బుద్రమ్మే.

కాయలు దిగగానే ఆమె నాకు చెప్పింది. "కొత్త అవ్వనీ బాబూ. అందాకా ముట్టుకోకు."

కొత్త కాయలు రానిమ్మంటోంది కాబోలు, అనుకున్నాను. వారం ఆగాను. ఆ ఉదయం లేతవే ఏరి కోసి, దగ్గరుండి వండించి, గిన్నె పట్టుకుని ఆమె గుమ్మంలో నిలబడ్డాను.

"కొత్త సెయ్యకుండా కోసీసినావేటి బాబూ?"

"కొత్తవే కోశాను! నిన్నగాక మొన్న కాసినవి."

"కొత్తవి కాదు బాబూ, కొత్త!"

"నేనూ అదే అంటున్నాను!"

"ఓలమ్మో, ఈ సదువుకున్నోడికి ఎవులైనా సెప్పండర్రా!"

వీధంతా వచ్చి చెప్పారు. కొత్త అంటే పండగ. ఏ పంటైనా ముందు దేవతకు పెట్టి, ఊరంతా ఒకే రోజు తినాలి. ఆలోగా ఒక్క ఇంట్లో పొయ్యెక్కినా ఊరికి కీడు.

బుద్రమ్మకు కోపం లేదు. భయం ఉంది. "కీడు తీరేదాకా నీ గడప తొక్కకూడదు బాబూ. ఈలోగా ఆ గుంటకి నొప్పులొస్తే నానేటి సెయ్యాలి?"

అప్పటిదాకా మా గుమ్మంలో నిలబడి నవ్వుతున్న సుభద్ర నవ్వు ఆపింది. పండగలకు రోజు పెట్టే పెద్దాయన్ని అక్కడ దిసారి అంటారు. పరుగెత్తి ఆయన్ని తీసుకొచ్చాను.

"ఎవులు తిన్నారు?" అన్నాడు దిసారి.

"నేనే. ఉప్పు చూశానంతే."

"మూడుసార్లు వడ్డించుకుని చూశారు" అంది సుభద్ర.

"నువ్వు తిన్నావేటమ్మా?"

"లేదు తాతా. ఈయన తిని బతికితే తిందామని ఆగాను."

దిసారి నవ్వాడు. వీధి నవ్వింది. "అయితే బేగి కోడిని పట్రా బాబూ. దేవతకిచ్చీసి, కొత్త ఎల్లుండే సేసీద్దాం."

మా పథకంలో మిగిలిన ఆఖరి ఉద్యోగి ఆ కోడి. రోజూ గుడ్డు పెట్టేది. ఇచ్చేశాను.

కొత్త నాడు ప్రతి ఇంటివాళ్ళూ మా ఇంటికి ఏదో ఒకటి తెచ్చారు. చిక్కుడుకాయలు, కొర్రలు, దుంపలతో అరుగు నిండిపోయింది. నెలరోజులు మేం సంత ముఖం చూడలేదు. ఈ పద్ధతి నేను చదివిన పుస్తకంలో లేదు.

కొత్త మర్నాడు మధ్యాహ్నమే సుభద్రకు నొప్పులొచ్చాయి. బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. బుద్రమ్మ పిలవకుండానే గడప దాటి లోపలికి వచ్చింది. సాయంత్రానికి ఆడపిల్ల. ఇద్దరూ క్షేమం. సంతోషం పట్టలేక గంపెడు చిక్కుడుకాయలు తెచ్చి వంటింట్లో పెట్టాను. బుద్రమ్మ గంపను కాలితో బయటికి తోసింది.

"బాలింతకి సిక్కుడెట్టీస్తావా? వాతం సేత్తాది!"

"మరి ఇవన్నీ?"

"నువ్వు తిను. ఉప్పు సూడు."

నెలంతా తిన్నాను. ఆ చిక్కుడు సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో ఎవరి మాటకు అర్థం వాళ్ళనే అడుగుతాను గాని, నాకొచ్చిన తెలుగుతో సరిపెట్టుకోను. ఇంతవరకు తప్పలేదు. ఆ వీధివాళ్ళను తలచుకోని రోజూ లేదు.

బదిలీ మీద విశాఖ వచ్చాక కూడా, బజారులోకి ఏ కూర కొత్తగా వచ్చినా సుభద్ర వండి ముందు పక్కింటికి ఒక గిన్నె పంపేది. ఆమె పోయి రెండేళ్ళు. ఇప్పుడు మా ఇంటి నుంచి గిన్నె వెళ్ళడం లేదు.