గోడకు ఇవతల పులిహోర

గోడకు అటూ ఇటూ ఒకే చూపుతో చూసే సీతారాములకు ముందుగా సాష్టాంగ నమస్కారం. ఆకలి ఇచ్చినవాడివీ నువ్వే, ఉపవాసం పెట్టినవాడివీ నువ్వే, ఆ రెండింటి నడుమ ఇరుక్కున్న నన్ను నవ్వుతూ భరించినవాడివీ నువ్వే. రామా, నీకు జయం!

ఇక మా ఇబ్రహీంపట్నంలో నా పరువు పట్టపగలు, మైకు సాక్షిగా, మేళతాళాలతో ఎలా సాగనంపబడిందో చెబుతాను.

అప్పుడు నేను డిగ్రీలో ఫిజిక్స్ చదువుతున్నాను. భజన మండలిలో తాళాలు వాయిస్తూ పెరిగినవాణ్ణి. ఆ శ్రీరామనవమికి, కళ్యాణం అయ్యాక ఉపన్యాసం చెప్పే అవకాశం మొదటిసారి నాకిచ్చాడు మండలి పెద్ద మల్లయ్య తాత. విషయం ఇంద్రియ నిగ్రహం. మెప్పిస్తే ఇక ప్రతి ఏకాదశికీ నేనే. మా నాయనమ్మ గల్లీ గల్లీకీ చాటింది: "మా పిలగాడు మంచినీళ్లు గూడ ముట్టకుంట చెప్తడు!"

మండలి కట్టుబాటు ఒకటుంది. తలంబ్రాలు పడి నైవేద్యం అయ్యేదాకా ఎవరి నోట్లోనూ మెతుకు పడకూడదు. పందిరి ఒక ఖాళీ ప్లాటులో, వంట పక్క ప్లాటులో. నడుమ ఎవరో కొత్తగా లేపిన ప్రహరీ. వంట యాదన్న విస్తర్లు తేవడానికి వెళ్తూ కోతుల కాపలాకు మనిషి కావాలన్నాడు.

"నిగ్రహం ఉన్నోనివి, నువ్వే కూసో" అన్నాడు మల్లయ్య తాత.

మరి నా కళ్యాణ దర్శనం? అందుకే తెలివి ఉపయోగించాను. కూలర్ వచ్చిన అట్టపెట్టెను పొడుగ్గా గొట్టంలా మడిచి, పళ్లెమంత అద్దాలు రెండు బిగించి, గోడకు నిలబెట్టాను.

"ఏందిర గది?" అన్నాడు యాదన్న.

"పెరిస్కోపు అన్న. పైన ఒక అద్దం ఏటవాలుగ, కింద గట్లనే ఇంకొకటి. వెలుగు పై అద్దానికి తగిలి కిందికి మలుగుతది, కింది అద్దానికి తగిలి నా కంటికొస్తది. నీళ్లల్ల మునిగిన జలాంతర్గామి కెల్లి పైన ఓడలను గిట్లనే చూస్తరు. కందకంల సిపాయి తలకాయ లేపకుంట దుష్మన్‌ను చూస్తడు. నేను అందర్ని చూస్త, నన్ను ఎవ్వలు చూడరు!"

"మస్తున్నది రా!" అంటూ యాదన్న వెళ్లిపోయాడు.

పెట్టెలో ముఖం పెట్టాను. ఆహా! మండపం, సీతారాములు, పక్కనే మల్లయ్య తాత, ముందు వరుసలో నాయనమ్మ. సరిగ్గా అప్పుడే ఇంగువ తాలింపు వాసన నా ముక్కును చెవి పట్టుకు లాగినట్టు లాగింది. నైవేద్యం గిన్నె వేరే ఉంది, గుడ్డ కప్పి. దాని జోలికి పోలేదు, అంత రాక్షసుణ్ణి కాను. కానీ జనానికి పెట్టే పులిహోర గంగాళంలో ఉప్పు సరిపోయిందో లేదో కాపలావాడికి తెలియొద్దా?

కన్ను అద్దంలో, చెయ్యి గంగాళంలో. ఒక ముద్ద వేసుకున్నాను. నాయనమ్మ తలెత్తి గోడవైపు చూసి, కొంగుతో మూతి తుడుచుకుంది. భక్తితో కరిగిపోతోంది పాపం అనుకుని ఇంకో ముద్ద వేసుకున్నాను. మల్లయ్య తాత వేలెత్తి ఊపాడు. మేళగాళ్లకు సైగ అనుకుని మూడోది పెద్దగా కలిపాను.

మల్లయ్య తాత చేతిలో మైకు గర్జించింది.

"ఓ డబ్బాల మొహం పెట్టిన పిలగా! తాళి గడుతున్నరు, జర నమిలేది ఆపు!"

పందిరంతా గొల్లుమంది. పాఠకులారా, వెలుగు నడిచే దారి రానూ పోనూ ఒకటే. నేను ఏ దారిన వాళ్లను చూస్తున్నానో అదే దారిన వాళ్లూ నన్ను చూస్తారు. పరీక్షలో ఇది రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను. పైగా నెత్తిన మిట్టమధ్యాహ్నపు ఎండ, పళ్లెమంత అద్దం. గోడమీద నా ముఖం బుగ్గలతో సహా ఊరేగింది! పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగుతుందంటారు. నేను కళ్లు తెరుచుకుని, అద్దం పెట్టుకుని మరీ తాగాను.

నాయనమ్మ పరుగున వచ్చింది. "నైవేద్యం ముట్టినవార?"

"లేదే! అది వేరే గిన్నెల ఉన్నది."

"గంతే సాలు. మూతి తుడుసుకో. మైకు కాడికి పోవాలె."

"ఇంకా పోవాల్నా?"

"పోకుంటే తిన్నది అరుగుతదార నీకు?"

మండపం ఎక్కాను. నన్ను చూడగానే మళ్లీ నవ్వులు. నా ఏకాదశులన్నీ కళ్లముందే కొట్టుకుపోతున్నాయి. మల్లయ్య తాత మైకు మీద అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఇంద్రియ నిగ్రహం వద్దు బిడ్డా. అంతర్యామి గురించి చెప్పు. మనం దేవుణ్ణి చూస్తున్నమనుకుంటే ఆయనే మనల్ని చూస్తుండు. గది ఇయ్యాల నీకు సమజైనంత ఇంకెవ్వలికి కాలే."

పసుపు అంటిన వేళ్లతోనే చేతులు జోడించి అదే చెప్పాను. మొదట నవ్వినవాళ్లు చివరికి కళ్లు తుడుచుకున్నారు. ఇప్పటికీ ఏకాదశి ఉపన్యాసం నాదే. వంట కాపలాకు మాత్రం కోతులనే పెడతామంటారు.

అందుచేత పంచభూతాల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఈ జన్మలో మళ్లీ నోట్లో ముద్ద పెట్టుకుని పెరిస్కోపులో ముఖం పెట్టను. నా కడుపు మీద నాకు నమ్మకం తక్కువ కనుక, మీరూ ఒక్కసారి నాతో చేతులు జోడించండి: రామా, అన్ని గోడల అవతలి నుంచీ చూసే తండ్రీ, మేము నమిలేటప్పుడు కూడా మమ్మల్ని దయతోనే చూడు.