వేళ్లు కనపడాలి

నా భార్య వినపడని పిల్లలకు పాఠాలు చెప్పేది. జమ్మలమడుగులో చిన్న బడి. అక్కడ పాఠమంటే చేతులతో చెప్పేదే. కరోనా రోజుల్లో బడి మూసినప్పుడు పిల్లలు ఊళ్లకు వెళ్లిపోయారు. చాలామంది ఇళ్లలో సైగలు తెలిసినవాళ్లు లేరు. పిల్లలు నెలల తరబడి ఎవరితోనూ మాట్లాడకుండా ఉండిపోతారని ఆమె భయపడింది. అందుకని పాఠాలను ఫోన్లో తీసి పంపడం మొదలుపెట్టింది. ఫోన్ పట్టుకునే పని నాది. బడి తెరిచాక కూడా ఆ అలవాటు మానలేదు. సెలవు రోజు వస్తే ఏదో ఒక పాఠం తీసేవాళ్లం.

రెండేళ్ల కిందట ఆమె పోయింది. దాని గురించి ఇక్కడ రాయను. ఇది వీడియోల సంగతి.

ఆ వీడియోలన్నీ అందరూ వాడే ఒక ఉచిత సైటులో ఉండేవి. ఖాతా ఆమె ఫోన్ నంబరుతో ముడిపడి ఉంది. నంబరు రద్దయ్యాక లోపలికి పోయే దారి నాకు దొరకలేదు. పాఠాలు కనపడతాయి, కానీ వాటికి ముందూ వెనకా ఏవేవో వచ్చిపడతాయి. బడి పెద్ద టీచరమ్మ ఒకరోజు ఫోన్ చేసింది.

"కూడికలు చూడమని ఫోన్ ఇచ్చి నేను ఇట్ల తిరిగి అట్ల వచ్చేలోపల కుస్తీలు చూస్తాండారు సారూ. వాళ్లను అనేదేముంది, అదే వస్తాంది. ఆ కుస్తీలు నాకూ బాగనే ఉండాయనుకో."

నా భార్య స్థానంలోకి ఇంకా ఎవరూ రాలేదు. దసరా సెలవులు అయిపోగానే ఆ తరగతులకు ఆమె పాఠాలనే టీవీలో పెట్టి చూపించాలని పెద్ద టీచరమ్మ ఆలోచన. మధ్యలో వేరేవి రాకుండా ఉంటే చాలంది. అసలు వీడియోలు మా ఇంట్లో హార్డ్ డిస్కులో ఉన్నాయి. మనమే సొంతంగా ఒక వీడియో సైటు పెట్టుకోవచ్చని నాకు తెలుసు. దానికి కావలసిన సాఫ్ట్‌వేర్ ఊరికే దొరుకుతుంది. నేను ప్రొద్దుటూరులో ఒక డిగ్రీ కాలేజీలో కంప్యూటర్లు చెబుతాను. పని చేతకానిది కాదు. లేనిది సర్వరే.

సర్వరు ఒక బట్టల షావుకారు దగ్గర దొరికింది. ఆయనకు మూడు అంగళ్లు: ప్రొద్దుటూరులో పెద్దది, జమ్మలమడుగులో ఒకటి, పులివెందులలో ఒకటి. మూడింటి బిల్లులూ ప్రొద్దుటూరు అంగడి మేడ మీద ఉన్న ఒకే యంత్రం మీద నడుస్తాయి. దాన్ని పెట్టింది నేనే, చూసుకునేదీ నేనే. ఆయన కూతురు చిన్నప్పుడు నా భార్య దగ్గర చదువుకుంది. ఇప్పుడు పులివెందుల అంగడి ఆ అమ్మాయిదే.

"నా దాంట్లో పెట్టుకో సారూ, యాడికో పోయేదెందుకు?" అన్నాడు షావుకారు. "అయితే ఒక మాట. ఇది దసరా కాలం. ఒక్కపారి బిల్లు నిలబడిపాయెనా, నీ సినిమా తీసి పక్కన పెట్టాల్సిందే."

"సినిమా కాదప్పా, పాఠాలు."

"ఏదో ఒకటి. మా యమ్మికి చదువు చెప్పిన తల్లి. కాదంటానా? కానీ చీర చేతిలో పట్టుకొని కౌంటరు కాడ నిలబడిన ఆడోళ్లకు నువ్వు జవాబు చెప్పలేవు. నేనే చెప్పలేను."

ఇలా ఎప్పుడూ ఎవరో ఒకరు దాని మీద ఆధారపడి ఉండే యంత్రాన్ని మా వృత్తిలో ప్రొడక్షన్ సర్వరంటారు. దాని మీద ప్రయోగాలు చేయకూడదు. ముందు ఇంట్లో నా పాత ల్యాప్‌టాప్‌లో అంతా ఒకసారి పెట్టి చూసుకున్నాను. కొన్ని పాఠాలు ఎక్కించి, అవి నడుస్తున్నాయని నమ్మకం కుదిరాక అంగడికి వెళ్లాను. బిల్లుల జోలికి పోకుండా వీడియోలకు వేరే యూజర్ ఖాతా, వేరే డేటాబేసు, వేరే చిరునామా. యంత్రం బలంలో కొంతకు మించి వీడియోలు వాడుకోకుండా హద్దు పెట్టాను. పొద్దున అంగడి తెరవకముందు కొంచెం కొంచెంగా చేసుకుంటూ వచ్చాను. కింద పనివాళ్లు చీరల కట్టలు విప్పుతుంటే పైన నేను కీబోర్డు ముందు కూర్చునేవాణ్ణి. చాలాకాలం తర్వాత నాకు పొద్దున లేవడానికి ఒక కారణం ఉంది.

ఇక మిగిలింది వీడియోలను మార్చడం. ఫోన్లో తీసిన వీడియో బరువుగా ఉంటుంది. దాన్ని నెట్‌లో సాఫీగా నడిచే రూపంలోకి సర్వరే మారుస్తుంది. ఆ పనికి యంత్రం బలమంతా కావాలి, గంటలు గంటలు పడుతుంది. బిల్లులు కొట్టే వేళ కుదరదు. మహర్నవమి రోజు, విజయదశమి పొద్దున అంగళ్లు మూసి ఉంటాయని చెప్పారు. అంటే యంత్రం ఖాళీ. అష్టమి సాయంత్రం బిల్లులు అయిపోగానే పాఠాలన్నీ వరసలో పెట్టి మార్పిడి మొదలుపెట్టాను. ఇంటికొచ్చి హాయిగా నిద్రపోయాను.

నవమి రోజు మధ్యాహ్నం ఎంతవరకు వచ్చిందో చూద్దామంటే సర్వరు పలకలేదు. బండి తీసుకొని అంగడికి పోయాను. గడప ముందు పగిలిన బూడిద గుమ్మడికాయ, దాని మీద కుంకుమ. లోపల కత్తెరలు, గజం బద్దలు, కుట్టు మిషన్లు వరసగా పెట్టి గంధం బొట్లు పెట్టారు. మేడ ఎక్కాను. సర్వరుకు కూడా బంతిపూల దండ వేశారు. నుదురు లాంటి చోట మూడు వేళ్లతో గంధం, మధ్యలో కుంకుమ. పక్కన ఒక పళ్లెంలో బొరుగులు, అరటిపళ్లు. దీపాలేవీ వెలగడం లేదు. ఫ్యాను చప్పుడు లేదు.

మా ఇళ్లలో ఈ పూజ లేదు. మా తాతల కాలం నుంచీ మిషను కాంపౌండు క్రైస్తవులం. కానీ పుట్టినప్పటినుంచీ ఈ ఊళ్లో ఉన్నవాణ్ణే. లారీకీ, కాటాకూ, కత్తెరకూ చేస్తారని తెలుసు. మేడ మీద గదిలో ఉన్నదానికీ చేస్తారని నాకు తోచలేదు. ఏటా దసరా సెలవులకు పాఠాలు తీస్తూ జమ్మలమడుగులోనే ఉండేవాళ్లం కాబట్టి చూసే అవకాశం కూడా రాలేదు. యంత్రం ఖాళీగా ఉంటుందని నేను ఎంచుకున్న రోజే, యంత్రంతో పని చేయించకూడని రోజు.

షావుకారు వెనకే వచ్చాడు.

"ఆపేసినారా?" అన్నాను.

"మెల్లగనే ఆపినాం సారూ, నువ్వు చెప్పినట్లే. వైరు పీకలేదు. ఏం, ఏమన్నా పని పెట్టినావా?"

"పాఠాలన్నీ మార్చమని పెట్టినా. రెండు రోజులు ఖాళీ కదా అని."

ఆయన నా ముఖం చూసి పెద్దగా నవ్వాడు. "ఏడాదంతా మాకు కొట్టి కొట్టి దానికి దొరికేది ఒక్క రోజప్పా. ఆ రోజు కూడా నువ్వు కూలికి పిలుచ్చుకొంటివి!"

"ఇప్పుడు ఆన్ చేయకూడదా?"

"రేపు పొద్దున పూజ చేసినంక. అంతవరకు నేను కూడా ముట్టను. కూర్చో, బొరుగులు తిను."

ఇంకా ఏం చేయగలను? కూర్చున్నాను. మార్పిడి మళ్లీ మొదటినుంచి పెట్టాలి, బడి తెరిచే లోపల అది అయిపోతుందో లేదో తెలియదు. అప్పుడే ఆయన కూతురు వచ్చింది, పండక్కని పులివెందుల నుంచి. ఆమె చేతులతో చెప్పినదాన్ని నేను మా ఊరి మాటల్లోకి మార్చి రాస్తున్నాను. ఆమెకు కోపమొచ్చినా, నవ్వొచ్చినా చేతులు ఒకేలా వేగంగా కదులుతాయి. నాకు సైగలు వచ్చు, కానీ నిదానంగా చేస్తేనే. ఆమె నాకోసం నిదానిస్తుంది. ముసలివాళ్లతో నడిచేటప్పుడు అడుగు తగ్గించినట్టు.

వినపడనివాళ్లలో ఒక పద్ధతి ఉంది. ప్రతి మనిషికీ చేతి పేరు ఒకటి పెడతారు. అది మనం పెట్టుకునేది కాదు, వాళ్లు చూసి ఇచ్చేది. రెండు అరచేతులు తట్టి సుద్దపొడి దులపడం నా భార్య పేరు. ముక్కు దగ్గరనుంచి చేయి బారుగా చాచి గుడ్డ కొలవడం షావుకారు పేరు. ఊళ్లకూ ఉన్నాయి. బంగారం అంగళ్ల ఊరు కాబట్టి ప్రొద్దుటూరుకు చెవి కమ్మ చూపిస్తారు. పులివెందులకు పంజా. జమ్మలమడుగుకు మాత్రం వేలు నేలకు చూపిస్తారు, ఇక్కడ అన్నట్టు. పులివెందులలో నిలబడినా అంతే. బడి ఉన్న ఊరు వాళ్లకు ఎక్కడున్నా ఇక్కడే. నాకు మాత్రం పేరు లేదనే అనుకునేవాణ్ణి. నన్ను పిలవాలంటే భుజం తడతారు.

"ఇంట్లో చేసినవి ఉండాయంట కదా, చూపించు మామా," అంది ఆమె.

ల్యాప్‌టాప్ తెరిచి ముందుగా మార్చి పెట్టుకున్న కూడికల పాఠం పెట్టాను. సర్వరుకు ఇచ్చిన కొలతలే దీనికీ ఇచ్చాను. నా భార్య తెరమీదికి వచ్చింది. అమ్మాయి కాసేపు చూసి ఆపింది. వెనక్కి జరిపి మళ్లీ చూసింది. తెర మీద వేలు పెట్టింది.

"ఇది మూడా, నాలుగా?"

"నాలుగు."

"నీకు లెక్క ముందే తెలుసు కాబట్టి నాలుగు. నేర్చుకునే పిల్లోనికి తెలుసా?"

దగ్గరికి వంగి చూశాను. చేయి కదిలినప్పుడల్లా వేళ్లు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. చేయి ఆగినప్పుడే విడిపోతున్నాయి. ఆమె మళ్లీ అంది: "మేడం చేతులు పొగలో పెట్టినట్లుండాయి. మేడం ఇట్ల మాట్లాడదు."

కారణం తెలియడానికి ఎక్కువసేపు పట్టలేదు. వీడియో అంటే వరసగా వచ్చే బొమ్మలు. ఫోన్ సెకనుకు ముప్పై తీస్తుంది. బిల్లులకు చోటు తగ్గకూడదని నేను వాటిని పదికి కుదించాను, ఉన్నవాటినీ బాగా పిండి చిన్నవి చేశాను. కాలేజీలో ఉపన్యాసాలకు అలాగే చేస్తాం. బోర్డు ముందు నిలబడి మాట్లాడే మనిషికి పది చాలు. అక్కడ పాఠాన్ని మోసేది గొంతు. ఇక్కడ నేను తీసేసిన ఇరవై బొమ్మల్లోనే మాట ఉంది. ఈ వీడియోల్లో నేను భద్రంగా ఉంచిందల్లా ధ్వని. అందులో మా ఇంటి ఫ్యాను తిరగడం తప్ప ఏమీ లేదు.

"ఏందంట?" అన్నాడు షావుకారు.

చెప్పాను. ఆయనకు వెంటనే అర్థమైంది.

"మూడు పోగుల్లో రెండు పీకేసి చీర నేసినావా! మడత పెట్టి చూపిస్తే బాగనే ఉంటాది. కట్టుకొని వీధిలోకి పోతే కదా ఉండేది."

కూతురు ఆయన పెదవులు చూసి అర్థం చేసుకుని నవ్వింది. "మా నాయనకు ప్రపంచంలో అన్నీ చీరలే," అంది నాతో.

ఆ మధ్యాహ్నమంతా అక్కడే కూర్చున్నాం. ఆమె చూస్తూ చెబుతుంటే నేను ల్యాప్‌టాప్‌లో కొలతలు మార్చి ఒక్కో ముక్క మళ్లీ చేసి చూపించాను. ముప్పై బొమ్మలూ ఉంచాను. చోటు కోసం ధ్వని తీసేశాను. ఒకే వీడియోను నాలుగు సైజుల్లో దాచే పద్ధతి మాని ఒక్క సైజు ఉంచాను. వెనక గోడ ఎంత మసకబారినా ఫరవాలేదంది. "గోడను ఎవరు చూస్తారు మామా? వేళ్లు కనపడాల." చివరికి ఒక ముక్కను ఎక్కడా ఆపకుండా చూసింది. రెండు అరచేతులు తట్టి సుద్దపొడి దులిపింది. నేను తల తిప్పుకొని అరటిపండు ఒలిచాను.

సర్వరు విశ్రాంతి తీసుకోకపోయుంటే ఈ తప్పు బడిలో టీవీ ముందు తెలిసేది. దాన్ని ఇంతకంటే పెద్దది చేసి చెప్పను. అసలు వీడియోలు ఇంట్లో భద్రంగానే ఉన్నాయి, మళ్లీ చేసుకునేవాళ్లం. కానీ ఆ రోజు అలా కూర్చునేవాళ్లం కాదు.

దశమి పొద్దున షావుకారు హారతిచ్చి, కొబ్బరికాయ కొట్టి, "ఇంక లేపు సారూ," అన్నాడు. బటన్ నేనే నొక్కాను. బిల్లులు మామూలుగా కొట్టారు. ఆ తర్వాత రోజూ అంగడి మూసినప్పటినుంచీ తెరిచేవరకూ మార్పిడి దానంతట అది నడిచేలా పెట్టాను. పండగలో మిగిలిన బేరమంతా అయిపోయింది. ఏ కౌంటరు దగ్గరా ఎవరూ చీర పట్టుకొని నిలబడిపోలేదు. సర్వరు మీద బంతిపూల దండ ఎండిపోయేదాకా అలాగే ఉంది.

బడి తెరిచిన రోజు జమ్మలమడుగు పోయాను. పెద్ద టీచరమ్మ తరగతిలో టీవీ పెట్టించింది. మొదట కూడికలు పెట్టాం. పిల్లలు టీవీలోని వేళ్లు చూసి తమ వేళ్లు లేపుతూ పోయారు. ఎక్కడా తడబడలేదు. తర్వాత పెద్ద పిల్లలు అడిగి మరీ ఇంకో పాఠం పెట్టించుకున్నారు. నదుల గురించి, గండికోటలో తీసింది. వెనకాల లోయ, కింద పెన్న. ఆ రోజు గాలి ఎక్కువ. వీడియోలో గాలి లేదు, ఆమె కొంగు ఎగరడం తప్ప.

పాఠం సగంలో పిల్లలందరూ ఒక్కసారిగా నవ్వారు. పెద్దవాళ్లు నావైపు తిరిగి చూశారు. నది పాఠంలో నవ్వడానికేముందో నాకు తెలియలేదు. పెద్ద టీచరమ్మను అడిగాను.

"మీకు తెల్దా సారూ?" అంది ఆమె. "మీరేగా తీసింది!"

"తీసినా. చూసింది మాత్రం నది కనపడతాందా లేదా అని."

ఆమె వెనక్కి జరిపి మళ్లీ పెట్టింది. పెన్న ఎక్కడ పుడుతుందో చెబుతూ చెబుతూ నా భార్య చేయి ఒక క్షణం ముఖం దగ్గరికి పోయింది. జారుతున్న కళ్లద్దాలను వేలితో పైకి తోసినట్టు చేసింది. ఆమెకు కళ్లద్దాలు లేవు. తర్వాత నాలుగైదు సైగలు, వేగంగా, పిల్లలతో మాట్లాడే వేగంతో. మళ్లీ పెన్నలోకి వచ్చేసింది.

"కండ్లద్దాలంటే మీరే," అంది పెద్ద టీచరమ్మ. "మొదటినుంచీ మీ పేరు అదే. ఏం చెప్తాందంటే... ఈయన చూపు నా మీద లేదు, నది మీద లేదు, టిఫిన్ క్యారియర్ మీదుంది. పాఠం తొందరగా ముగిస్తా, లేకుంటే ఫోన్ లోయలో పడేస్తాడు."

ముందు వరసలో ఒక చిన్న పిల్ల టీవీని చూసి, నన్ను చూసి, తన ముక్కు మీద లేని కళ్లద్దాలను పైకి తోసింది. నేనూ నావి పైకి తోశాను. తరగతి మళ్లీ నవ్వింది.

ఆ రోజు క్యారియర్‌లో ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు ఉండినాయి. ఆమె చెప్పింది నిజమే, నాకు చాలా ఆకలిగా ఉండింది.

పిల్లలు ఆ చోటు ఇంకోసారి పెట్టమన్నారు. పెట్టాను.