నాన్న సముద్రానికి వెళ్లని ఉదయం

నా చిన్నప్పుడు మా ఇంట్లో నాన్నకంటే ఆయన పడవకే ఎక్కువ మర్యాదలు జరిగేవి. నరసాపురం అవతల, గోదావరి సముద్రంలో కలవడానికి కాస్త ఎగువన ఉండేవాళ్లం. అది తండ్రి నుంచి నాన్నకు వచ్చిన తెరచాప పడవ. అందులో ఉప్పూ కొబ్బరికాయలూ వేసుకుని, సముద్రంలో తీరం వెంబడి రోజుల తరబడి వెళ్లి వచ్చేవారు. అమ్మ ముందు దానికి పసుపూ కుంకుమా పెట్టి, ఆ తర్వాతే మాకు అన్నం పెట్టేది. నాకు దాని మీద కుళ్లు, దాన్ని ఎక్కాలని ఆశ, రెండూ ఉండేవి. ఎన్నిసార్లు కాళ్లావేళ్లా పడినా నాన్న నన్ను ఎక్కించుకోలేదు.

ఒకసారి నాన్న కాలు విరిగింది. రెండేళ్లపాటు పడవ ఒడ్డునే ఎండకు ఎండి వానకు నానింది. కాలు బాగయ్యాక ఆయనకు ఇంట్లో కాలు నిలవలేదు. సముద్రంలోకి దించే ముందు ఒకసారి చూసి మరమ్మతు చెయ్యమని మా తాతయ్యకు, అంటే అమ్మ నాన్నకు, కబురు పెట్టారు. ఆయన పడవలు కట్టే వడ్రంగి.

తాతయ్య మూడు రోజులు ఆ పడవ చుట్టూ తిరిగారు. పలకకు చెవి ఆనించి, గుమ్మడికాయను తట్టి చూసినట్టు కొయ్యసుత్తితో తట్టేవారు. తర్వాత మా చేత బిందెలతో నీళ్లు మోయించి, ఒడ్డునే పడవ నిండా పోయించారు. నీళ్లు బయటికి ఊరిన చోటల్లా బొగ్గుతో గీత పెట్టారు. నీళ్లు లోపలికి రాకూడని పడవలో మేమే నీళ్లు పోయడం నాకు భలే తమాషాగా అనిపించింది. ఆ గీతలను బట్టి పుచ్చిన పలకలు మార్చి, సందుల్లో నార కుక్కి గుగ్గిలం పూశారు. ఆఖరున పడవ కిందికి దూరి, అడుగున ఈ కొస నుంచి ఆ కొసదాకా ఉండే దూలంలోకి ఉలి గుచ్చారు. అది పిడిదాకా దిగిపోయింది.

"అల్లుడుగారూ, పడవ వెన్నెముకే పోయిందండి. ఇంక విప్పెయ్యడమే," అన్నారు తాతయ్య.

నాన్న ముఖం పాలిపోయింది. "పైన ఒక చెక్క వేసి బిగించెయ్యండి మామయ్యగారూ. ఈ ఒక్క ఏడూ గట్టెక్కితే చాలు," అన్నారు.

తాతయ్య వాదించలేదు. నన్ను చూపించారు. "అలాగేనండి, బిగిస్తాను. అయితే మొదటిసారి వెళ్లేటప్పుడు దీన్ని కూడా తీసుకెళ్లండి."

"దానికేం, తీసుకెళ్తాను," అన్నారు నాన్న పంతంగా.

నా ఆనందానికి పట్టపగ్గాలు లేవు. అమ్మ ఏడ్చి గోల చేసింది. తాతయ్య ఆమెను ఊరుకోమని, నాన్న అడిగినట్టే చెక్క బిగించారు. బయలుదేరే రోజు పొద్దున్నే కొత్త పరికిణీ కట్టుకుని, బట్టల సంచితో అందరికంటే ముందు రేవులో నిలబడ్డాను. నాన్న నన్ను ఎత్తుకున్నారు. పడవ అంచు దాకా ఎత్తారు. నా కాళ్లు లోపలికి వచ్చాయి గానీ ఆయన చేతులు నన్ను వదల్లేదు. అలాగే చాలాసేపు ఉన్నారు. తర్వాత నన్ను మెల్లగా బురదలోకి దించేసి, "విప్పెయ్యండి మామయ్యగారూ," అని అక్కడే కూలబడి ఏడ్చారు. మా నాన్న ఏడవడం నేను చూడటం అదే మొదటిసారి.

నాకు జాలి కలగలేదు. ఒళ్లు మండింది. నోరు నాకు అప్పటికే పెద్దది. రేవులో పదిమంది ఉన్నారని కూడా చూడకుండా, "పిరికోడివి నాన్నా! సముద్రమంటే భయం నీకు!" అని అరిచాను.

"అవునమ్మా, భయమేసింది," అన్నారు నాన్న.

ఇంటికి వెళ్లే దారిలో తాతయ్య నా చెయ్యి పట్టుకుని, "మీ నాన్నకి తన ప్రాణమంటే లెక్కలేదే. వద్దంటే వింటాడా? అందుకే నిన్ను అడ్డం పెట్టాను," అన్నారు. నేను చెయ్యి విదిలించుకుని ముందుకు పరిగెత్తాను. నెల రోజులు నాన్నతో మాట్లాడలేదు.

పడవను విప్పేశారు. పనికొచ్చిన పలకలు ఎవరో పట్టుకెళ్లారు, మిగిలింది పొయ్యిలోకి పోయింది. సొంత పడవకు యజమానిగా ఉన్న మనిషి ఊళ్లో బియ్యం మిల్లులో బస్తాలు మోశారు. ఆ కాలు పూర్తిగా కూడుకోలేదేమో, సాయంత్రానికి కుంటుకుంటూ వచ్చేవారు. ఆ పని నావల్లే వచ్చిందని ఒక్కసారీ అనలేదు. పెళ్లయి కొవ్వూరు వెళ్లాక, నా పెద్దవాడు జ్వరంతో ఒళ్లో కాలిపోతున్న రోజున నాకు నాన్న చేతులు గుర్తొచ్చాయి. రేవులో ఆయన నన్ను ఎందుకు వదల్లేకపోయారో అప్పుడు తెలిసింది. ఈసారి వెళ్లినప్పుడు చెబుదాం అనుకున్నాను. వెళ్లాను, పండూ ఫలం ఇచ్చాను, వచ్చేశాను. చెప్పడానికి సిగ్గేసింది. ఆ తర్వాత ఆయనే లేకుండా పోయారు.

ఇప్పుడు నా నోరు కాస్త తగ్గిందని మా కోడలు అంటుంది. ఎవరైనా మగవాడు మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేసి వెనక్కి తగ్గితే నలుగురూ నవ్వుతారు. నేను నవ్వలేను. అతని ఇంట్లో చిన్నపిల్లలు ఎంతమంది అని అడుగుతాను. మా నాన్నంత ధైర్యస్థుణ్ణి నేను మళ్లీ చూడలేదు. ఆ మాట ఆయనకు తప్ప అందరికీ చెప్పాను.