నాన్నమ్మ కనిపించకుండా పోయిన పొద్దు

నిన్న సాయంత్రం తొలకరి జల్లు పడి, నూజివీడులో మా మామిడికాయల కొట్టు వెనక ఎండుగడ్డి అంతా తడిసింది. ఆ తడి వాసనకి తలుపు దగ్గరే నిలబడిపోయాను. అచ్చం మారేడుమిల్లి అడవి వాసన.

మా బాబాయి అక్కడి బడిలో మేష్టారు. ఏటా కాయల బేరాలు ముగిశాక నాన్న, నాన్నమ్మ, నేను రాజమండ్రి మీదుగా బస్సుల్లో ఆయన ఇంటికి వెళ్ళేవాళ్ళం. మా తోటల్లో చెట్లు వరసగా, మనిషి చెప్పినట్టు పెరుగుతాయి. అక్కడ కొండంతా ఒకదాని భుజాల మీదికి ఒకటి ఎక్కినట్టు చెట్లు, వాటిని పెనవేసుకున్న లావుపాటి తీగలు, పట్టపగలే మసక వెలుతురు, రాళ్ళ మీద మెత్తటి నాచు, పొద్దస్తమానం వినిపించే వాగు చప్పుడు, ఆ చలిగాలిలో పిన్ని పోసిచ్చే వేడి వేడి రాగిజావ. ప్రభుత్వం కాపాడుతున్న అడవి, పుల్ల కూడా విరవకూడదని మేం రాగానే బాబాయి చెప్పేవాడు.

నా తొమ్మిదో ఏట, తిరుగు ప్రయాణం రోజు పొద్దున్నే లేచేసరికి నాన్నమ్మ ఇంట్లో లేదు. ముందురోజే ఆ దాపుల ఎలుగుబంటి తిరిగిందని విన్నాం. నాన్న, బాబాయి, నేను వాగు వెంట పిలుచుకుంటూ పరిగెత్తాం.

మలుపు తిరగ్గానే నాన్నమ్మ కనిపించింది, బండ మీద తల పైకెత్తి కూర్చుని.

“అమ్మా! మా ప్రాణాలు పోయాయి గదమ్మా! ఏం చేస్తున్నావిక్కడ?” అని అరిచాడు నాన్న.

“అరవకురా, బెదురుద్ది. పైకి చూడు.”

పైన పిల్లికన్నా పెద్ద ఉడుత, ముదురు ఎరుపు వీపు, కిందికి వేలాడే కుచ్చుతోక. బెట్టుడుత అని బాబాయి నా చెవిలో చెప్పాడు. అది ఆకుల రెమ్మ తెచ్చి కొమ్మల గుబురులో దూర్చి, కాళ్ళతో అదిమి, మళ్ళీ ఇంకోదానికి పోతోంది.

“పుట్టబోయే పిల్లలకి గూడు. నువ్వు కడుపులో ఉన్నప్పుడు నేనూ ఇట్టాగే పాత చీరలన్నీ పోగేశాను,” అంది నాన్నమ్మ.

తోటలో టపాకాయలు పేల్చి ఉడుతల్ని తోలే మా నాన్న, ఆమె కాళ్ళ దగ్గర చతికిలబడ్డాడు. కింద రోడ్డు మీద మేం ఎక్కాల్సిన బస్సు హారన్ మోగింది. ఎవరమూ లేవలేదు.

“రేపెళ్దాంలే,” అన్నాడు నాన్న.

ఇప్పుడు నాన్నమ్మా లేదు, నాన్నా లేడు. పోయినేడు మా అమ్మాయితో వెళ్తే ఆ బండ ఎక్కడో పోల్చుకోలేకపోయాను. అడవి పచ్చగానే ఉంది. దారి వెడల్పయింది, బస్సులు పెరిగాయి, ఒకటి తప్పితే కాసేపట్లో ఇంకొకటి వస్తోంది. ఆ రోజుల్లో రోజుకి ఒక్క బస్సే ఉండబట్టి, నాకు వాళ్ళిద్దరితో ఇంకొక రోజంతా దొరికింది.