కొండమీద బోణీ

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. సత్యనారాయణమ్మకి ఊరు చాలక ఆకాశం కూడా కావాల్సొచ్చింది. జగ్గయ్యపేటలో తమ కిరాణా కొట్టు గల్లాపెట్టె దగ్గర కూర్చుని, వీధి చివర ఆటో దిగేవాళ్ళని కేకేసి పిలవగల మనిషి. అలాంటి ఆవిడకి యాభై దాటాక ప్రభుత్వంవారు హామ్ రేడియో లైసెన్సు ఇచ్చారు.

ఆ పిచ్చి అసలు ఆవిడ భర్త కుటుంబరావుది. ఆదివారాలు చేతి రేడియో పట్టుకుని చుట్టుపక్కల కొండలన్నీ ఎక్కి, ఎక్కడెక్కడివాళ్ళతోనో మాట్లాడేవాడు. చిల్లకల్లు అవతలి బోడికొండ ఒక్కటే మిగిలింది. దాన్ని ఎక్కుదామనేలోపు మోకాళ్ళు మొరాయించాయి. అటు చూసినప్పుడల్లా ఆయన మొహం చిన్నబోయేది. అది చూడలేకే ఆవిడ చదివి పరీక్ష పాసయింది. శిఖరం మీంచి లైసెన్సున్నవాళ్ళు నలుగురితో మాట కలిస్తేనే హామ్‌వాళ్ళ ఆటలో ఆ కొండ ఎక్కినట్టు లెక్క.

మాఘమాసంలో ఒక ఆదివారం ఆయన కొండ కింద కారులో రెండో సెట్టు పట్టుకుని కూర్చున్నాడు. ఆవిడ రొప్పుతూ పైకి చేరి, కొంగుతో మొహం తుడుచుకుని సెట్టు ఆన్ చేసిందో లేదో, భర్త గొంతు పలికింది. మొదటి మాట తనతోనే కలవాలని ఆయన ఆశ.

"మీరాగండి! ఇంట్లోవాళ్ళ చేత్తో బోణీ ఏంటండీ? ముందు బయటి బేరం తగలనివ్వండి," అంది.

ఇంటివాళ్ళ చేత బోణీ చేయిస్తే ఆ రోజు వ్యాపారం గడప దాటదని వాళ్ళ అత్తగారి మాట. కొట్లో ముప్ఫయ్యేళ్ళుగా పాటిస్తున్న నియమం కొండెక్కితే మాత్రం మారుతుందా? కింద సెట్టు మూగబోయింది.

విజయవాడ నుంచి ఎడ్విన్ అనే ఆయన పలికాడు. బ్రహ్మాండమైన బోణీ! తరవాత నందిగామ, ఆపైన ఖమ్మం. ఒక్కొక్కరితో ఎండల గురించీ మిరపకోతల గురించీ ముచ్చట్లాడుతూ ఆవిడ బ్యాటరీ సంగతే మరిచింది. ఖమ్మం ఆయన సెలవు తీసుకున్నాక చూస్తే సెట్టు మీద ఎర్రదీపం మినుకుమంటోంది. ఇంకా ఒక్కరు కావాలి. పిలిచింది. ఎవరూ పలకలేదు. లైసెన్సుతో పాటు ఇచ్చే గుర్తింపు పేరు, భర్త కాల్‌సైన్ పెట్టి పిలిచింది. అలిగిన మనిషి ఉలకలేదు, పలకలేదు.

ఇంత ఎక్కీ ముగ్గురితోనే దిగితే, ఆ కొండ ఆయనకి ఎప్పటికీ వెలితిగానే ఉండిపోతుంది. ఆవిడకి ఏడుపొచ్చినంత పనైంది.

"ఏవండీ! మిమ్మల్నేనండీ!" అని సెట్టులోకి కేక పెట్టింది.

"మూడు ఊళ్ళ మగాళ్ళూ ఉలిక్కిపడి ఉంటారు," అన్నాడు కుటుంబరావు నవ్వుతూ. "కాల్‌సైన్ చెప్పవే. ఏవండీలు లెక్కలోకి రావు."

చెప్పింది. ఆయనా చెప్పాడు. ఒకరి గొంతు ఒకరికి ఎంత స్పష్టంగా వినపడుతోందో పద్ధతి ప్రకారం చెప్పుకున్నారు. నాలుగూ పూర్తయ్యాయి.

"అయిపోయిందండీ మీ కొండ! దిగొచ్చేస్తున్నా."

"అప్పుడే దిగకు," అన్నాడాయన. ఇప్పుడు గొంతులో నవ్వు లేదు. "పైనుంచి ఏమేం కనపడతాయో చెప్పు."

ఆవిడ నోరు తెరిచేలోపే దీపం ఆరిపోయింది.

ఆవిడ దిగలేదు. మున్నేరు ఎటునుంచి ఎటు తిరిగిందో, ఏ కల్లాల్లో మిరపకాయలు ఎర్రగా పరిచారో, హైవే మీద లారీలు ఎక్కడ కనుమరుగవుతున్నాయో, ఇక్కణ్ణించి తమ కారు ఎంత చిన్నగా ఉందో, అన్నీ నిలబడి చూసింది. ఎండ నెత్తికెక్కినా కదల్లేదు. ఒక్కటి మరిచిపోయినా ఆయనకి ఆ మేరకు కొండ తక్కువైపోతుందని ఆవిడ భయం.