జుట్టు పెరిగేదాకా

మా తిరుపతిలో గుండును ఎవరూ తిరిగి చూడరు. బస్టాండులో, రైల్వేస్టేషన్లో, కాఫీ హోటళ్ళలో ఎటు చూసినా గంధం పూసిన గుండ్లే. అయితే ఆ చూడకపోవడం కొండకు వచ్చిపోయేవాళ్ళ గుండ్లకే. ఊళ్ళోనే పుట్టి పెరిగిన పదకొండేళ్ళ ఆడపిల్ల గుండుతో వీధిలోకి వస్తే మాత్రం అందరూ చూస్తారు.

ఎనభైల చివర్లో నాకు టైఫాయిడ్ వచ్చింది. తగ్గితే నా జుట్టు ఇస్తానని అమ్మ మొక్కుకుంది. మొక్కు ఆమెది, జుట్టు నాది. నన్నెవరూ అడగలేదు. పరీక్షలు అయిపోగానే కొండకు తీసుకుపోయి ఇచ్చేశారు. జ్వరంలో కమ్మలు తీసేసి, చెవులు పూడిపోకుండా వేపపుల్లలు పెట్టి ఉన్నారు. చిక్కిపోయి పావడాలు నడుము మీద నిలవడం లేదని అమ్మ నాకు మా అన్న పాత చొక్కాలు, నిక్కర్లు తొడిగింది. నాతో తొక్కుడుబిళ్ళ ఆడే పిల్లలు కొన్నాళ్ళు నా గుండు తడిమి నవ్వుకుని, ఆ తర్వాత పిలవడం మానేశారు. ఆ ఎండాకాలం నేను ఒంటరిగా ఉన్నాను. ఈ మాటకు వేరే అలంకారం అక్కర్లేదు.

మధ్యాహ్నం నాయనకు ఆఫీసులో క్యారియర్ ఇచ్చి రావడం నా పని. దారిలో బస్టాండు పక్క సందులో, ఒక లాడ్జి కింద, కొత్తగా వీడియో గేమ్స్ అంగడి పెట్టారు. బీరువా అంతేసి మెషిన్లు, వాటి కడుపులో టీవీలు. గుమ్మం దగ్గర నిలబడి చూస్తుంటే అంగడాయన నన్ను చూసి, "ఏమప్పా గుండూ, ఆడనే నిలబడుకుంటే ఎట్ల? లోపలికి రా" అన్నాడు.

ఇంకెవరినైనా అంటున్నాడేమోనని వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. లోపలికి పోయాను.

తెర మీద పైనుంచి పురుగులు వరుసలు కట్టి దిగుతాయి. కింద మన ఓడ. ఎడమచేత్తో కర్ర తిప్పుతూ కుడిచేత్తో మీట నొక్కి వాటిని కాల్చాలి. మగపిల్లలు పురుగు కనబడగానే మీటను బాదేవాళ్ళు. నేను అది దిగబోయే చోటికి ముందే పోయి కాచుకునేదాన్ని. ముగ్గు వేసేటప్పుడు గీత ఎక్కడ తిరగాలో ముందే చూసుకుంటాం కదా, అంతకంటే విద్య ఏమీ లేదందులో. ఓడినవాళ్ళే తర్వాతి ఆటకు మెషిన్లో రూపాయి బిళ్ళ వేయాలని ఆ అంగట్లో రూలు. వేయాల్సిన అవసరం నాకు మెల్లగా తగ్గిపోయింది.

అక్కడ అందరికంటే బాగా ఆడేవాడు హైస్కూల్లో చదివే ఒక పొడుగు పిల్లవాడు. ఒకరోజు నా చేతిలో ఓడిపోయాడు. కోపం తెచ్చుకుంటాడేమో అనుకున్నాను. నా గుండు మీద ఒక్కటిచ్చి, "వీడు మామూలోడు కాదబ్బా" అన్నాడు. అంత మంచి మాట అప్పటిదాకా నన్నెవరూ అనలేదు. ఆ తర్వాత నేను రావడం ఆలస్యమైతే నాకోసం మెషిన్ పట్టిపెట్టేవాడు. తన సోడాలో సగం నాకిచ్చేవాడు. పేరు ఎవరూ గట్టిగా అడగలేదు. గుండు అంటే సరిపోయేది.

ఒకసారి ఇద్దరు ఆడపిల్లలు గుమ్మంలోంచి తొంగిచూశారు. "పోండి పోండి, ఇది మీకు వచ్చేది కాదులే" అని వాళ్ళను తరిమేసింది మా పొడుగువాడే. అందరూ నవ్వారు. నేను తెర మీదనుంచి కళ్ళు తిప్పలేదు గానీ, ఆ ఆట ఓడిపోయాను. ఖాళీ క్యారియర్ ఊపుకుంటూ ఇంటికి వస్తుంటే ఏడుపొచ్చింది. వాళ్ళు ఇష్టపడుతున్నది నన్ను కాదు.

బడి తెరిచారు. జుట్టు మొలిచింది. పావడాలు, కమ్మలు తిరిగొచ్చాయి. సందులోకి పోవడం ఆగిపోయింది.

"అమ్మా, ఇంకోసారి మొక్కుకో" అన్నాను ఒకరోజు.

బియ్యం ఏరుతున్న అమ్మ తలెత్తింది. "దేనికి?"

"దేనికో ఒకదానికి. నాకు మళ్ళా గుండు కొట్టించు."

"ఆడపిల్లకు జుట్టు పెరగల్లని మొక్కుకుంటారు గానీ, ఇదేం కోరికే తల్లీ" అని, జ్వరం తిరగబెట్టిందేమోనని నా నుదురు తాకి చూసింది.

దసరా సెలవుల్లో ఇక ఉండబట్టలేక ఆ అంగడికి పోయాను. పొట్టి జుట్టుకు పిన్నులు పెట్టి అమ్మ కనకాంబరాలు తురిమి ఉంది. గుండు నేనేనని చెప్పేయాలని నిశ్చయించుకున్నాను. జుట్టు మారింది గానీ చేతులు అవే కదా, ఆట చూస్తే వాళ్ళకే తెలుస్తుంది అనుకున్నాను.

"ఏం పాపా, ఎవురు కావల్ల?" అన్నాడు అంగడాయన. ఆడతానన్నాను. "ఇది ఆడపిల్లోళ్ళ ఆట కాదమ్మా" అన్నాడు. నేను బిళ్ళ వేశాను.

మొదట నవ్వులు వినిపించాయి. కాసేపటికి ఆగిపోయాయి. పొడుగువాడు వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆట అయ్యేసరికి ఆ రోజు అక్కడ ఆడినవాళ్ళందరినీ దాటేశాను. వాడు నా మొహంలోకి వంగి చూశాడు. వాడి మొహం వెలిగింది. గుర్తుపట్టేశాడు అనుకున్నాను.

"నువ్వు మా గుండుగాని చెల్లెలివా? అదే మొగం. వాడే నేర్పినాడా నీకు?"

"ఎవురూ నేర్పలా. ఆ గుండు నేనే" అన్నాను.

అంతా గొల్లున నవ్వారు. "అన్న మాదిరే తమాషా మనిషి" అన్నాడు ఒకడు. "చెల్లెలికే ఇంత వచ్చిందంటే నేర్పినోడు ఎట్లాంటోడో సూడండబ్బా" అన్నాడు అంగడాయన.

పొడుగువాడు మాత్రం నవ్వలేదు. "వాడు లేకుంటే ఈడ ఏం బాగలేదు. ఒకసారి రమ్మన్నానని సెప్పు. సెప్తావు కదా?"

వాడి గొంతులో బెంగ ఉంది. అదంతా నాకోసమే. నా ఎదురుగా నిలబడి, నాకు చెప్పాల్సిన మాటను నాతోనే ఇంకొకడికి కబురు పంపుతున్నాడు.

"సెప్తాలే" అన్నాను.

మళ్ళీ ఆ సందులోకి పోలేదు. వాళ్ళు ఎన్నాళ్ళు ఆ గుండుగాడి కోసం ఎదురు చూశారో నాకు తెలియదు. నేను మాత్రం చాలా ఏళ్ళు చూశాను.