ఓడ్‌మున్ చెవి

స్వోల్వేర్ రేవులో ఏ చేపల పడవ మొరాయించినా ఓడ్‌మున్‌కే కబురు వెళ్తుంది. డెబ్బై రెండేళ్ల మనిషి. గోళ్ల కింద నల్లటి నూనె, జేబులో పొడవాటి స్క్రూడ్రైవర్. దాని మొన ఇంజనుకీ, పిడి చెవికీ ఆనించి కళ్లు మూసుకుంటాడు. "డీజిలుకి నిప్పురవ్వ అక్కర్లేదు, గాలిని గట్టిగా నొక్కితే ఆ వేడికే అంటుకుంటుంది. ఏ సిలిండర్లో సరిగ్గా అంటుకోకపోయినా ఇంజనే నా చెవిలో చెప్పేస్తుంది," అంటాడు గొప్పగా. ఆ చెవులకు రెండేళ్లుగా సరిగా వినిపించడం లేదని మాత్రం ఎవరికీ చెప్పలేదు. మనుషుల మాటలు పెదాలను చూసి, ఇంజను మాటలు పిడిలో తగిలే అదురును బట్టి పోల్చుకుంటూ నెట్టుకొస్తున్నాడు.

ఈ ఉదయం జాలరి గున్‌వోర్ పడవలోనూ అలాగే కళ్లు మూసుకున్నాడు. చాలాసేపు విని, తల పంకించి, "మూడోదమ్మా. మూడో సిలిండర్లో డీజిలు సరిగా చిమ్మట్లేదు," అన్నాడు. కళ్లు తెరిచేసరికి గున్‌వోర్ రెండు కప్పులు పట్టుకుని, నోరు తెరుచుకుని నిలబడి ఉంది.

"ముందు కాఫీ తాగుదామని చెప్పి ఇంజను ఆపేశాను కదా, పెద్దాయనా!"

ఆమె పెదాలు ఆగిపోయాయి. ఆగిన ఇంజను మీద స్క్రూడ్రైవర్ ఇంకా అదురుతూనే ఉంది. దాన్ని పట్టుకున్న చేతిని ఓడ్‌మున్ గబుక్కున జేబులో దాచుకున్నాడు.